గడ్డం డాక్టరు



బ్యాటు లేకపోతే కొబ్బరిమట్ట, బంతి లేకపోతే గుడ్డపీలికల వుండ, వికెట్లు లేకపోతే గోడమీద బొగ్గుతో గీసిన మూడు గీతలు. ఇలా క్రికెటు ఆడనివాళ్లు మీలో ఎందరున్నారు? ఎక్కువమంది వుండరని నాకు తెలుసు. చిన్నప్పుడు మేమూ అలాగే ఆడాం.

నాకప్పుడు పదకొండేళ్లు. వేసవి సెలవులకు మా మేనత్త కొడుకు మా వూరు వచ్చాడు. నాకంటె రెండేళ్లు పెద్ద. బావా అని పిలిచేవాణ్ణి. బావ చేతికి కొబ్బరిమట్ట వచ్చిందంటే, మధ్యాహ్నం భోజనాలకు కేకవేసేదాకా అది మరొకరి చేతికి రాదు. ఆరోజు పొద్దుటినించి బంతి వేసీ వేసీ నా భుజం పీకుతున్నది. బావ ఒక పరుగు తీసి, గీత దాటి క్షేమంగా నిలబడ్డాడు. అంతలో కాలిలో పల్లేరుకాయ గుచ్చుకున్నట్టుంది, గీత వదిలి రెండడుగులు ఇవతలికి వచ్చి, ఒంటికాలిమీద నిలబడి దాన్ని పీకుతున్నాడు. బంతి నా చేతిలో వున్నది. గురిచూసి గోడమీది గీతలకు కొట్టి, "ఔట్!" అని అరిచాను.

బావ నాకేసి చూశాడు. వాదించలేదు, కొట్టలేదు. కొబ్బరిమట్ట నా చేతికిచ్చి ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అరుగుమీద ముఖం వేలాడేసుకుని కూచున్న నన్ను చూసి, మా చిన్నాన్న సంగతంతా అడిగి తెలుసుకున్నాడు.

"ఓస్, ఇంతేనా! ఈ పని డాక్టరు గ్రేసే చేశాడురా. క్రికెటు ఆటకు ఆయన భీష్ముడు. బారెడు గడ్డం. ఆస్ట్రేలియావాడొకడు నేల సరిచేద్దామని గీత దాటి వస్తే, వికెట్టు పడగొట్టాడు. అంపైరు ఔటిచ్చాడు. చట్టప్రకారం తప్పేం లేదు. లేచి అన్నం తిను," అన్నాడు.

భీష్ముడే చేసినప్పుడు నేను చేస్తే తప్పేమిటి? ఆ రాత్రి కడుపునిండా తిని నిద్రపోయాను. చిన్నాన్న చెప్పింది సగం కథేనని నాకు తెలియటానికి చాలా ఏళ్లు పట్టింది. మిగతా సగంకోసం దొరికిన పుస్తకమల్లా చదివాను. ఇవాళ మీకు చెప్పబోయేది ఆ గడ్డం డాక్టరు కథే.

ఇంగ్లండుకు పడమటి దిక్కున బ్రిస్టలు అనే రేవుపట్నం వున్నది. దాని దాపున డౌనెండు అనే పల్లె వుండేది. (పట్నం పెరిగి పెరిగి తరవాత ఆ పల్లెను తనలో కలుపుకున్నది.) ఆ పల్లెలో వైద్యం చేసే హెన్రీ మిల్స్ గ్రేసుకు 1848 జులై 18 న ఎనిమిదో బిడ్డ పుట్టాడు. విలియం గిల్బర్ట్ గ్రేసు అని పేరు పెట్టారు. ఇంట్లో అందరికీ గిల్బర్ట్.

గిల్బర్ట్ గురించి చెప్పేముందు అతని తల్లి మార్తా గురించి చెప్పాలి. ఆమెను గురించి చెప్పేముందు ఆమె తండ్రిని గురించి చెప్పకపోతే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఆయన పేరు జార్జి పోకాకు. బ్రిస్టల్లో బడి నడిపే పంతులు. ఈ పంతులుగారికి గాలిపటాలంటే పిచ్చి. 1824 లో ఆయన ముప్ఫై అడుగుల గాలిపటం ఒకటి కట్టి, దాని తాడుకు కుర్చీ తగిలించి, అందులో కన్నకూతురు మార్తాను కూచోబెట్టి, సుమారు 270 అడుగుల ఎత్తుకు లేపాడు! తాటిచెట్టు మీద తాటిచెట్టు చొప్పున మూడు నాలుగు నిలబెడితే ఎంతో, అంత ఎత్తు. పిల్ల క్షేమంగా దిగింది.

ఇదెలా సాధ్యం అంటారా? గాలిపటం గాలికి ఎదురుగా వాలుగా నిలబడుతుంది. వీచే గాలి దానికి తగిలి కిందికి మళ్లుతుంది. పటం గాలిని కిందికి తోస్తే, గాలి పటాన్ని పైకి తోస్తుంది. పటం పెద్దదీ, గాలి బలమైనదీ అయితే మనిషి బరువు ఒక లెక్క కాదు. మీరు మాత్రం మీ చెల్లాయిని కుర్చీలో కూచోబెట్టి ఈ ప్రయోగం చెయ్యకండి!

పంతులుగారు అంతటితో ఆగలేదు. గుర్రాలకు బదులు గాలిపటాలు లాగే బండి తయారుచేసి 1826 లో దానికి పేటెంటు పుచ్చుకున్నాడు. ఆ రోజుల్లో బండ్లమీద బాట సుంకం గుర్రాల లెక్కన వసూలు చేసేవారు. ఈ బండికి గుర్రమే లేదాయె! సుంకంవాడు దేన్ని లెక్కపెడతాడు? చట్టంలో సందు ఎక్కడ వున్నదో కనిపెట్టే తెలివి మనవడికి ఈ తాతనించే వచ్చిందేమోనని నాకు అనుమానం.

గాలిలో ఎగిరిన ఆ మార్తాయే పెద్దదై, డాక్టరు గ్రేసును పెళ్లాడి, తొమ్మిదిమంది బిడ్డల తల్లి అయింది. ఆ ఇంట్లో క్రికెటు అంటే అందరికీ ప్రాణం. పెరటి తోటలో కొన్ని ఆపిలు చెట్లు కొట్టించి, తండ్రి ఆటస్థలం చేయించాడు. మేనమామ ఆల్‌ఫ్రెడ్ పోకాకు గురువు. బ్యాటు నిట్టనిలువుగా పట్టుకోవాలి, ఎడమ భుజం బంతికి ఎదురుగా వుండాలి అన్నది ఆయన మొదటి పాఠం. అన్నదమ్ములు అయిదుగురు. పెద్దవాళ్లు ఆడుతుంటే చిన్నవాళ్లు బంతులేరాలి. మనుషులు చాలకపోతే కుక్కలు! డాన్, పోంటో, నోబుల్ అని మూడు కుక్కలు చెట్లలోకి పోయిన బంతుల్ని నోట కరుచుకుని తెచ్చేవి.

తల్లి వూరికే చూస్తూ కూచునే మనిషి కాదు. ఆటలో లోటుపాట్లు ఆమెకు బాగా తెలుసు. ఇంగ్లండులో పేరుపడిన జట్టుకు నాయకుడైన జార్జి పార్ అనే ఆయనకు ఆమె ఒక వుత్తరం రాసింది. తన కొడుకు ఎడ్వర్డును జట్టులోకి తీసుకోమని సిఫార్సు చేస్తూ, వీడికంటె చిన్నవాడు ఇంకొకడున్నాడు, వెనక్కు జరిగి ఆడటంలో వాడిది ఇంకా గట్టి చెయ్యి, ముందుముందు అన్నను మించిపోతాడు అని చెప్పింది. ఆ చిన్నవాడే గిల్బర్ట్. అప్పటికి వాడికి పది పన్నెండేళ్లు! తల్లి జోస్యం ఎంతవరకు నిజమైందో చూడండి.

పద్నాలుగో ఏట గిల్బర్ట్‌కు న్యుమోనియా వచ్చింది. ఆ రోజుల్లో పెన్సిలిన్ లేదు. న్యుమోనియా వచ్చినవాడు బతికితే బతికినట్టు. గిల్బర్ట్ బతికాడు. మంచం దిగినప్పటినించీ వెదురుబొంగులా పెరగసాగాడు. చివరికి ఆరడుగుల రెండంగుళాలు అయ్యాడు. అంత మనిషికీ గొంతు మాత్రం సన్నగా, కీచుగా వుండేదట! 1864 లో, పదహారు ఇంకా నిండకముందే, హోవ్ అనే చోట పెద్దవాళ్ల ఆటలో 170 పరుగులు చేశాడు.

1866 లో జరిగినది నాకు మరీ ఇష్టమైన ముచ్చట. లండనులో ఓవల్ మైదానంలో ఇంగ్లండు జట్టుకూ, సరే అనే జిల్లా జట్టుకూ పోటీ. పద్దెనిమిదేళ్ల గ్రేసు 224 పరుగులు చేసి ఔట్ కాకుండా మిగిలాడు. తరవాత, ఆట ఇంకా సాగుతుండగానే, నాయకుడు వాకర్ దగ్గరికి వెళ్ళి సెలవడిగాడు. ఎందుకు? క్రిస్టల్ పాలెస్‌లో అడ్డంకుల మీదుగా దూకుతూ 440 గజాలు పరుగెత్తే పందెం వున్నది, అందులో పాల్గొనాలట! వాకర్ మంచివాడు, వెళ్ళిరమ్మన్నాడు. గ్రేసు వెళ్ళాడు, పందెం గెలిచాడు.

ఆనాటి మైదానాలు మనం చూసే పచ్చని తివాసీలు కావు. గుంటలు, గులకరాళ్లు. ఒక బంతి తలమీదికి లేస్తే మరొకటి నేలను పాకుతూ వచ్చేది. పాకే బంతిని ఆపటమే గొప్ప. ఆపితే జనం చప్పట్లు కొట్టేవారు. 1870 లో లార్డ్స్ మైదానంలో సమ్మర్స్ అనే ఆటగాడికి బంతి తలకు తగిలింది. గ్రేసు అప్పుడు వైద్య విద్యార్థి. దగ్గరికి పరుగెత్తి చూశాడు. ప్రాణం వున్నది గాని, కొద్దిరోజులకే సమ్మర్స్ చనిపోయాడు. అలాంటి నేలల మీద గ్రేసు 1871 లో ఒక్క వేసవిలో 2,739 పరుగులు చేశాడు. ఒక్క యేట రెండువేలు దాటటం అదే మొదలు.

1876 ఆగస్టులో ఇంకా విచిత్రం. కాంటర్‌బరీలో కెంటు జట్టుమీద గ్రేసు జట్టు ఓడిపోయేటట్టున్నది. ఇక లాభంలేదు, ధాటిగా ఆడి త్వరగా ఇంటికి పోదామనుకున్నాడట. ఆ ధాటి ఆట 344 దగ్గరగాని ఆగలేదు! మొదటి తరగతి ఆటలో మూడువందలు దాటినవాడు అంతకుముందు ఎవడూ లేడు. వెంటనే నాటింగ్‌హామ్‌షైరు మీద 177. ఆ వెంటనే యార్క్‌షైరు మీద 318, అదీ ఔట్ కాకుండా. ఇవన్నీ కలిపి ఎనిమిది రోజుల్లో! ప్రవేశం మూడు పెన్నీలనీ, డాక్టరు గ్రేసు ఆడితే ఆరు పెన్నీలనీ మైదానాల ముందు బోర్డు పెట్టేవారని చెప్పుకుంటారు.

ఆయన బెయిల్స్ ఎగిరిపడితే తిరిగి పెట్టుకుని, జనం నా ఆట చూడటానికి వచ్చారుగాని నీ బౌలింగు చూడటానికి కాదని బౌలరుతో అన్నట్టు ఒక కథ వున్నది. నేను చదివినంతలో దానికి గట్టి ఆధారం కనిపించలేదు. కాని ఎవరిమీద పడితే వాళ్లమీద ఇలాంటి కథ పుట్టదు గదా!

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఆనాడు ఇంగ్లండులో క్రికెటు ఆడేవాళ్లలో రెండు కులాలుండేవి. కూలి తీసుకుని ఆడేవాళ్లు ప్రొఫెషనల్స్. డబ్బు తీసుకోకుండా, కేవలం ఇష్టంకొద్దీ ఆడే పెద్దమనుషులు అమెచ్యూర్లు. ఒకే జట్టు అయినా బట్టలు మార్చుకునే గదులు వేరు. చాలాచోట్ల మైదానంలోకి వచ్చే గేట్లు కూడా వేరు. పేరు రాసే తీరులోనూ తేడాయే. ఈ వివక్షను 1962 చివరలోగాని రద్దు చెయ్యలేదు.

గ్రేసు అమెచ్యూరు. అంటే డబ్బు పుచ్చుకోనివాడన్నమాట. మరి 1873 లో, కొత్తగా పెళ్లయిన భార్యతోసహా ఆస్ట్రేలియా వెళ్ళినప్పుడు, ఖర్చులుగాక ఆయనకు ముట్టినది 1,500 పౌన్లు. అదే జట్టులో ప్రొఫెషనల్స్‌కు ఒక్కొక్కరికి 150 పౌన్లు, చేతిఖర్చుకు మరో 20. పైగా ఓడలో వాళ్లది రెండో తరగతి. డబ్బు పుచ్చుకోని పెద్దమనిషి, పుచ్చుకునే కూలివాడికంటె దాదాపు పదిరెట్లు పుచ్చుకున్నాడు! పుచ్చుకున్నందుకు నేను ఆయన్ని తప్పుపట్టను. వేలమంది ఆయన్ని చూడటానికే వచ్చేవారు. ఆయన ఆస్తిపరుడు కూడా కాదు. కాని ఆ పెద్ద పేరు ఒకరికీ, చిన్న గేటు మరొకరికీ ఎందుకు? గాలిపటం బండికి సుంకం లేనట్టే, ఈ మనవడికీ ఏ లెక్కా తగల్లేదు.

ఆటలో పడి వైద్యవిద్య నత్తనడక నడిచింది. 1868 లో మొదలుపెట్టి 1879 లో పూర్తిచేశాడు. బ్రిస్టల్లో బీదలుండే పేటలో వైద్యశాల పెట్టాడు. బీదల దగ్గర ఫీజు అడిగేవాడు కాదని చెప్పుకునేవారు. వేసవిలో ఆటకు వెళ్ళినప్పుడు బదులు డాక్టరు వుండేవాడు, ఆ డాక్టరు జీతం క్రికెటు క్లబ్బు ఇచ్చేది.

1880 సెప్టెంబరులో ఇంగ్లండు గడ్డమీద మొట్టమొదటి టెస్టు ఓవల్‌లో జరిగింది. అన్నదమ్ములు ముగ్గురూ ఆడారు: ఎడ్వర్డు, గిల్బర్ట్, కడగొట్టు తమ్ముడు ఫ్రెడ్. గిల్బర్ట్ 152 పరుగులు చేశాడు. పాపం, ఫ్రెడ్ రెండుసార్లూ సున్నాయే. కాని బానర్ అనే భీమసేనుడు ఆకాశానికి కొట్టిన బంతిని దూరాన కాచుకుని పట్టినది ఫ్రెడ్డే. ఆ బంతి కింద పడేలోగా ఆటగాళ్లు మూడో పరుగుకు తిరిగారట! ఆ ఆట ముగిసిన రెండు వారాలకు ఫ్రెడ్ న్యుమోనియాతో చనిపోయాడు. ఇరవైతొమ్మిదేళ్లు. అన్న తప్పించుకున్న జబ్బే తమ్ముణ్ణి తీసుకుపోయింది.

ఇక 1882 ఆగస్టు. మళ్లీ ఓవల్, మళ్లీ ఆస్ట్రేలియా. మా చిన్నాన్న చెప్పిన ఆట ఇదే. ఆస్ట్రేలియావాళ్ల రెండో ఇన్నింగ్స్. సామీ జోన్స్ అనే ఇరవైయొక్క ఏళ్ల కుర్రవాడు పరుగు పూర్తిచేసి, బంతి ఇక నిలిచినట్టేననుకుని, పిచ్ మీద లేచిన మట్టిని బ్యాటుతో తట్టడానికి గీత దాటి వెళ్ళాడు. గ్రేసు చేతిలో బంతి వున్నది. బెయిల్స్ పడగొట్టి అడిగాడు. అంపైరు ఔటిచ్చాడు. ఇంతవరకు చిన్నాన్న చెప్పాడు.

చిన్నాన్న చెప్పనిది వినండి. ఆస్ట్రేలియా బౌలరు స్పాఫర్త్ మండిపడ్డాడు. ఇంగ్లండు ఆటగాళ్ల గదికి వెళ్ళి గ్రేసును ముఖానే దులిపాడంటారు. ఇంగ్లండు గెలవటానికి 85 పరుగులు చాలు. 51 పరుగులకు రెండే వికెట్లు పడ్డాయి. గ్రేసు నిలబడి ఆడుతున్నాడు. అందరూ గెలిచినట్టేననుకున్నారు. 53 దగ్గర గ్రేసు ఔటయ్యాడు. అక్కణ్ణించి ఒక్కొక్కరే వచ్చారు, ఒక్కొక్కరే పోయారు. స్పాఫర్త్ ఏడు వికెట్లు తీశాడు. జనంలో ఒకడు ఆదుర్దా పట్టలేక తన గొడుగుపిడి కొరికేశాడట! ఇంగ్లండు 77 కు ఆలౌట్. ఏడంటే ఏడే పరుగుల తేడాతో ఓడింది. ఇంగ్లండు క్రికెటు చనిపోయింది, దహనం చేసి బూడిదను ఆస్ట్రేలియా తీసుకుపోతారు అని స్పోర్టింగ్ టైమ్స్ అనే పత్రిక వేళాకోళంగా రాసింది. ఆ రెండు దేశాల పోటీకి యాషెస్, అంటే బూడిద, అనే పేరు వచ్చింది అందుకే.

ఇది చదివిననాడు నాకు భోజనం సహించలేదు.

అయితే గ్రేసును ఇక్కడ వదిలేస్తే నేనూ చిన్నాన్నలాగే సగం కథ చెప్పినవాణ్ణవుతాను. 1887 లో మాంచెస్టరులో ఆట జరుగుతున్నది. గ్రేసు జట్టులోని క్రూమ్ అనే యువకుడు బంతి వెంట పరుగెత్తి, మైదానం అంచున వున్న ఇనప కటకటాల మీద పడ్డాడు. మొన ఒకటి గొంతులో దిగింది. కుట్టు వెయ్యటానికి సూది లేదు. మనిషిని పంపి సూది తెప్పించేదాకా, సుమారు అరగంటసేపు, గ్రేసు గాయం అంచుల్ని తన వేళ్లతో దగ్గరికి నొక్కి పట్టుకున్నాడు. చెయ్యి వణికితే ప్రాణం పోతుంది. వణకలేదు. క్రూమ్ బతికి, తరవాత క్రికెటు గురించి పత్రికల్లో రాసేవాడయ్యాడు. సామీ జోన్స్‌ను ఔట్ చేసిన చెయ్యీ, క్రూమ్ గొంతు పట్టుకున్న చెయ్యీ ఒకటే. ఎన్నిసార్లు ఆలోచించినా ఈ రెండింటినీ తక్కెడలో వేసి తూచటం నాకు చేతకాలేదు.

తల్లి మార్తా 1884 లో పోయింది. కొడుకులు మాంచెస్టరులోనే ఆడుతుండగా తంతి వచ్చింది. ఎదుటి జట్టు నాయకుడు హార్న్‌బీ వెంటనే ఆట ఆపించి, వాళ్లను ఇంటికి పంపించాడు.

1895 లో గ్రేసుకు నలభైయారు నిండి నలభైయేడు వస్తున్నది. వొళ్లు బరువెక్కింది. ఇక అయిపోయాడనుకున్నారు. ఆ మే నెలలోనే వెయ్యి పరుగులు చేశాడు! నూరు సెంచరీలు పూర్తిచేసిన మొదటివాడయ్యాడు. జనం షిల్లింగు షిల్లింగు వేసుకుని, మొత్తం తొమ్మిదివేల పౌన్లకు పైగా పోగుచేసి ఇచ్చారు. మరుసటి సంవత్సరం, ఆయన నాయకత్వంలోనే, మన జామ్‌నగరు వంశానికి చెందిన రంజిత్‌సింహజీ ఇంగ్లండు తరఫున తొలి టెస్టు ఆడి 154 పరుగులు చేశాడు. 1899 లో గ్రేసు ఆడిన చివరి టెస్టులో ఇంగ్లండును ఓటమినించి కాపాడినదీ రంజీయే. అప్పటికి గ్రేసుకు యాభై దాటాయి.

టెస్టులు మానాడుగాని ఆట మానలేదు. 1914 జులై 25 న, అరవైయారో యేట, ఎల్తామ్ అనే వూరి జట్టుకు ఆడి 69 పరుగులు చేశాడు, ఔట్ కాలేదు. పది రోజుల్లో యుద్ధం వచ్చింది. ఇక ఆటలు కట్టిపెట్టండి, యువకులు సైన్యంలో చేరండి అని ఆయనే పత్రికకు రాశాడు. జర్మనీవాళ్ల ఆకాశనౌకలు లండనుమీద బాంబులు వేస్తుంటే ముసలాయన ఎంతో కలవరపడేవాడట. అంత వేగమైన బౌలర్లకు జంకనివాడివి, వీటికి జంకుతావేం అని స్నేహితుడు అడిగితే, వాళ్లు నాకు కనిపించేవారు, ఇవి కనిపించటంలేదు అన్నాడట. 1915 అక్టోబరు 23 న కన్నుమూశాడు.

మొన్నామధ్య మా బావ ఇంటికి వెళ్ళాను. ఇప్పుడు ఆయనకూ గడ్డమే, తెల్లగా. ఈ కథంతా చెప్పి, ఆనాటి పల్లేరుకాయ సంగతి గుర్తున్నదా అని అడిగాను. బావ పడక కుర్చీలో వెనక్కు వాలి, కాసేపు ఇంటికప్పుకేసి చూశాడు.

"నలభైయొకటి," అన్నాడు.

"ఏమిటి బావా?"

"ఆరోజు నా స్కోరు. నలభైయొకటి మీద వున్నాను. భోజనాలకు ఇంకా గంట వుంది."